మూడు ముక్కల మొసలి: లెగో 10277 ఇంజను పెట్టెపై ఒక సమీక్ష

ప్లాస్టిక్ ముక్కల బొమ్మలు తయారుచేసే లెగో సంస్థ 2020లో 10277 సంఖ్యతో విడుదల చేసిన క్రొకొడైల్ (మొసలి) అనే రైలు ఇంజను బొమ్మను నేను ఇప్పటికి మూడుసార్లు కూర్చాను. మొదటిసారి పుస్తకంలో చూపినట్టే కూర్చాను, రెండోసారి లోపల మోటారు అమర్చి పట్టాల మీద నడిపాను, మూడోసారి దాని రూపు మార్చి ముంబయి, పుణె నగరాల మధ్య ఉన్న మన భోర్ ఘాటు అనే కొండదారి మీద ఒకప్పుడు తిరిగిన ఇంజనుకు దగ్గరగా తెచ్చే ప్రయత్నం చేశాను. పాతకాలపు రైళ్లను ప్లాస్టిక్ ముక్కలతో కూర్చి, వాటిని తమకు నచ్చినట్టు మార్చుకోవాలనుకునే వారికి ఇంతకంటే మంచి మొదటి పెట్టె లేదని ఆ మూడు కూర్పుల తర్వాత నాకు గట్టిగా అనిపిస్తోంది. అందుకు కారణం పెట్టెలోని ముక్కల సంఖ్య కాదు, అందం కూడా కాదు. అసలు ఇంజనును గీసిన ఇంజనీర్లకు ఎదురైన చిక్కే బొమ్మను కూర్చే మనకూ ఎదురవుతుంది, వాళ్లు కనిపెట్టిన ఉపాయమే మనకూ పనికొస్తుంది.

పెట్టెలో 1,271 ముక్కలు ఉంటాయి. విడుదలైనప్పుడు అమెరికాలో దాని ధర దాదాపు 100 డాలర్లు. పూర్తయిన ఇంజను అర మీటరుకు పైగా పొడవుంటుంది. దానిని నిలబెట్టడానికి ఒక పట్టా పీఠం, వివరాలు రాసిన ఫలకం, ఇద్దరు డ్రైవర్ల బొమ్మలు కూడా వస్తాయి. పైకప్పు మీది రెండు పాంటోగ్రాఫ్‌లను, అంటే పై తీగ నుంచి కరెంటు అందుకునే చట్రాలను, ఎత్తవచ్చు, దించవచ్చు. కప్పు తీసి లోపలి అమరికను చూడవచ్చు. మోటారు మాత్రం పెట్టెలో రాదు, దానిని విడిగా కొనుక్కోవాలి. ఇప్పుడు ఈ పెట్టె తయారీ ఆగిపోయింది కనుక దుకాణాల్లో దొరకదు. ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతున్నవే దొరుకుతాయి, వాటి ధర మొదటి ధర కంటే ఎక్కువే ఉంటుంది.

ఇది ఏ ఇంజనుకు నమూనానో తెలిస్తే కూర్చేటప్పుడు ప్రతి ముక్క ఎందుకు అక్కడ ఉందో అర్థమవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో స్విట్జర్లాండుకు బయటి నుంచి రావలసిన బొగ్గు కరువైంది. ఆ అనుభవంతో అక్కడి రైల్వే, ఆల్ప్స్ పర్వతాలను దాటే గొట్హార్డ్ మార్గాన్ని విద్యుదీకరించే పనిని వేగంగా చేపట్టింది. ఆ మార్గం నిండా వంపులు, కొండ లోపలే చుట్టు తిరిగి పైకి లేచే సొరంగాలు, వెయ్యి మీటర్లకు 26 మీటర్లు ఎక్కే వాలు ఉన్నాయి. బరువైన సరకు రైళ్లను అక్కడికి లాగడానికి 1919 నుంచి 1922 వరకు 33 ఇంజన్లు, ఆ తర్వాత 1927 లోపు మెరుగుపరచిన మరో 18 ఇంజన్లు తయారయ్యాయి. వాటికి అధికారికంగా పెట్టిన పేర్లలో 6/8 అని ఉంటుంది. మొత్తం ఎనిమిది ఇరుసుల్లో ఆరింటికి శక్తి అందుతుందని దాని అర్థం. మధ్యలో ఎత్తైన గది, దానికి అటూ ఇటూ పొడవైన, కిందికి వంగిన రెండు ముక్కులు ఉండటం వల్ల జనం వాటిని మొసళ్లు అన్నారు.

ఆ ముక్కులు సొగసు కోసం పెట్టినవి కావు. ఆనాటి విద్యుత్ మోటార్లు చాలా పెద్దవి, వాటిని ఇరుసుల పక్కన ఇరికించే వీలు లేదు. అందుకని వాటిని చక్రాల పైన ముక్కుల్లో ఉంచి, అక్కడి నుంచి జాక్‌షాఫ్ట్ అనే మధ్య ఇరుసు ద్వారా చక్రాలను కలిపే కడ్డీలకు, అంటే కనెక్టింగ్ రాడ్లకు, వాటి నుంచి చక్రాలకు శక్తిని పంపించారు. అంత పొడవైన ఇంజను ఒకే చట్రంగా ఉంటే కొండ వంపుల్లో తిరగదు కనుక దానిని మూడు ముక్కలుగా విడదీసి, ముక్కులు రెండూ తమ తమ చక్రాలతో విడిగా తిరిగేలా, మధ్య గది వాటి మీద వాలి ఉండేలా కీళ్లతో కలిపారు.

బొమ్మ రైలు దగ్గరికి వస్తే, లెగో పట్టాల వంపు చాలా బిగుతైనది. 16 వంపు పట్టాలు కలిపితే ఒక పూర్తి వలయం అవుతుంది. దాని వ్యాసార్థం 40 బొడిపెలు (లెగో ముక్క పైన ఉండే గుండ్రని పొడుపును బొడిపె అంటున్నాను, దూరాలను దానితోనే కొలుస్తారు), అంటే 32 సెంటీమీటర్లు మాత్రమే. అర మీటరు పొడవున్న వస్తువు 64 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న వలయంలో తిరగాలంటే అది ఎక్కడో ఒకచోట విరిగినట్టు వంగక తప్పదు. పాతకాలపు ఆవిరి ఇంజన్లను కూర్చేవారు ఈ వంపును గెలవడానికి మధ్య చక్రాల అంచులు తీసేస్తారు, చక్రాలను దగ్గర దగ్గరగా జరుపుతారు, బాయిలర్ పొడవు తగ్గిస్తారు, చివరకు అసలు ఇంజను పోలికలు కొంత పోగొట్టుకుంటారు. మొసలికి ఆ అవసరం తక్కువ. వందేళ్ల కిందటి ఇంజనీర్లు దానిని ముందే మూడు ముక్కలు చేసి పెట్టారు. మా ఇంట్లో చాప మీద పరచిన వలయంలో ఈ ఇంజను మొదటిసారి తిరిగినప్పుడు, ముందు ముక్కు వంపులోకి మళ్లుతుండగా మధ్య గది ఒక క్షణం ఆగి దాని వెంట నెమ్మదిగా మళ్లడం, చివరి ముక్కు ఇంకా తిన్నని పట్టా మీదే ఉండటం చూసి నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

కూర్పు కష్టమైనది కాదు, కానీ ఓపిక కావాలి. అసలు ఇంజను రెండు వైపులా ఒకేలా ఉంటుంది కనుక ముక్కు పనిని రెండుసార్లు చేయాలి. రెండో ముక్కును మొదటిదానితో పాటే, ఒక్కొక్క మెట్టూ జంటగా కూర్చుకుంటూ పోతే విసుగు రాదు, తప్పులు కూడా తగ్గుతాయి. ముక్కు వాలును, పక్కల ఉన్న సన్నని వివరాలను తేవడానికి ముక్కలను పక్కకు తిప్పి బిగించే పద్ధతిని ఎక్కువగా వాడారు. బొడిపెలన్నీ పైకే చూసే మామూలు కూర్పుకు అలవాటుపడిన వారికి ఇది మంచి పాఠం.

రాడ్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంజను సాఫీగా నడవడం, మొరాయించడం వాటి మీదే ఆధారపడి ఉంటుంది. నిజమైన ఇంజన్లలో ఒక పక్క రాడ్డు, రెండో పక్క రాడ్డు ఒకే స్థితిలో ఉండవు. ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాతో ఉంటాయి. రెండూ ఒకేసారి చివరి బిందువుకు చేరితే చక్రం ఎటు తిరగాలో తేలక ఇరుక్కుపోయే ప్రమాదం ఉంటుంది. లెగో ఇరుసు అడ్డకోత శిలువ ఆకారంలో ఉంటుంది కనుక చక్రాన్ని దాని మీద సరిగ్గా 90 డిగ్రీలు తిప్పి ఎక్కించడం ఎంతో సులభం, కొలత పరికరం అక్కర్లేదు. అయితే ఒక పక్కనున్న చక్రాలన్నీ ఒకే స్థితిలో ఉన్నాయో లేదో ప్రతి ఇరుసు దగ్గరా సరిచూసుకోవాలి. రెండో కూర్పులో ఒక్క చక్రాన్ని పొరపాటుగా ఎక్కించి, ఇంజను కుంటుతూ నడుస్తుంటే తప్పు మోటారులో ఉందనుకుని ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. మోటారు బిగించే ముందే ఇంజనును చేత్తో నెట్టి చూడండి. చేతికి ఎక్కడా పట్టు తగలకుండా దొర్లితేనే ముందుకు వెళ్లండి.

మోటారు పెట్టాలనుకునే వారు బ్యాటరీలు ఉండి మోటారును నడిపే 88009 హబ్బు అనే పెట్టెను, 88013 పెద్ద మోటారును తీసుకోవాలి. అవి ఇమిడేలా లోపల ముందుగానే ఏర్పాటు ఉంది. లోపలి అలంకారంలో కొంత తీసేయవలసి వస్తుంది, బయటి రూపానికి లోటు రాదు. హబ్బులో ఆరు ఏఏఏ బ్యాటరీలు పడతాయి. ఫోనుతో గాని, విడిగా దొరికే రిమోటుతో గాని బ్లూటూత్ ద్వారా వేగాన్ని నియంత్రించవచ్చు. తిరిగి చార్జి చేసుకునే బ్యాటరీలు ఒక్కొక్కటి 1.2 వోల్టులే ఇస్తాయి కనుక ఆరింటికీ కలిపి 9 వోల్టుల బదులు 7.2 వోల్టులే అందుతాయి, వేగం కొంత తగ్గుతుంది. కొండల్లో సరకు లాగే ఇంజను కనుక ఆ నెమ్మది దీనికి అందమే. అసలు మొసళ్లలో తొలి తరానికి చెందినవి మొదట్లో గంటకు 65 కిలోమీటర్లు మించేవి కావు.

మూడో కూర్పుకు నన్ను పురికొల్పింది మన దేశపు చరిత్ర. ముంబయి నుంచి హైదరాబాదుకు హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే వారికి కర్జత్‌లో రైలు ఆగడం, ఘాటు ఎక్కడానికి వెనక నుంచి నెట్టే బ్యాంకర్ ఇంజన్లు తగిలించడం తెలుసు. ఆ భోర్ ఘాటు వాలు 37కు 1, అంటే వెయ్యి మీటర్లకు 27 మీటర్లు. గొట్హార్డ్ వాలుతో దాదాపు సమానం. 1920ల చివర గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే ఈ ఘాట్లను విద్యుదీకరించినప్పుడు సరకు రైళ్ల కోసం తెప్పించిన 41 ఇంజన్లు మొసలి జాతివే. స్విట్జర్లాండులోని వింటర్‌తుర్ కర్మాగారం, ఇంగ్లండులోని వల్కన్ ఫౌండ్రీ కలిసి వాటిని తయారు చేశాయి. తర్వాత వాటికి డబ్ల్యూసీజీ-1 అనే పేరు వచ్చింది గాని, ఘాటు మీద పనిచేసిన వారికి అవి ఖేక్డాలే. మరాఠీలో ఖేక్డా అంటే ఎండ్రకాయ. వాటిలో సర్ లెస్లీ విల్సన్ అనే పేరున్న ఇంజను ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. దాని రాడ్లను దగ్గర నుంచి చూసిన తర్వాత నాకు ఈ పెట్టెను మళ్లీ విప్పక తప్పలేదు.

స్విస్ మొసలిని ఖేక్డాగా మార్చడంలో మొదటి పని, ముక్కుల చివర శక్తి అందని చిన్న ఇరుసులను తీసేయడం. మన ఇంజనులో ఉన్నవి ఆరు ఇరుసులే, ఆరూ లాగేవే. ఆ ఇరుసు పోగానే ముక్కు చివర ఖాళీగా వేలాడినట్టు కనిపిస్తుంది కనుక దానిని కొంత కుదించి, బఫర్లు (బోగీల తాకిడిని తట్టుకునే గుండ్రని దిమ్మలు) ఉండే దూలాన్ని లోపలికి జరిపాను. ఇక్కడే కొలతల చిక్కు వచ్చింది. లెగో పట్టాల మధ్య దూరం సుమారు 37.5 మిల్లీమీటర్లు. ఐరోపా పట్టాల దూరం 1,435 మిల్లీమీటర్లు కనుక అక్కడి ఇంజనుకు నిష్పత్తి 1:38 అవుతుంది. 19.4 మీటర్ల అసలు మొసలి ఆ లెక్కన 51 సెంటీమీటర్లు ఉండాలి, బొమ్మ ఆ కొలతకు దగ్గరలోనే ఉంది. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు కనుక మన రైళ్లకు నిష్పత్తి 1:45 అవుతుంది. ఆ లెక్కన 3.25 మీటర్ల వెడల్పున్న మన బోగీ బొమ్మలో 72 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా 9 బొడిపెల వెడల్పు రావాలి. సంప్రదాయంగా లెగో బోగీలు 6 బొడిపెల వెడల్పే ఉంటాయి, అందుకే ఆ వెడల్పులో కూర్చిన మన రైలు సన్నగిల్లినట్టు కనిపిస్తుంది. మన 21 మీటర్ల బోగీ పొడవు దాదాపు 47 సెంటీమీటర్లు అవుతుంది. 32 సెంటీమీటర్ల వంపులో దాని మధ్యభాగం లోపలికి, మూలలు బయటికి పొడుచుకొస్తాయి. నేను వెడల్పు 8 బొడిపెలకు, పొడవు మూడింట రెండు వంతులకు తగ్గించుకున్నాను. లెక్కకు ఇది సరికాదు గాని, పట్టా మీద ఇంజను వెనక నిలబెట్టినప్పుడు కంటికి సరిపోయింది. కచ్చితమైన కొలతలే కావాలనుకునే వారు విశాలమైన వంపు పట్టాలు కొనక తప్పదు. పోలండులోని ట్రిక్స్‌బ్రిక్స్, అమెరికాలోని బ్రిక్‌ట్రాక్స్ వంటి చిన్న సంస్థలు వాటిని తయారు చేస్తున్నాయి, కానీ వాటికి గది నేలంతా కేటాయించాలి.

అదనపు ముక్కల కోసం నేను ఎక్కువగా వాడింది బ్రిక్‌లింక్ అనే విపణి. అక్కడ వేర్వేరు దేశాల అమ్మకందారులు విడి ముక్కలు అమ్ముతారు; 2019లో దానిని లెగో సంస్థే కొనుగోలు చేసింది. రంగు విషయంలో జాగ్రత్త అవసరం. 2004 ప్రాంతంలో లెగో గోధుమ రంగు, బూడిద రంగులు మారాయి. పాత గోధుమ, ఇప్పటి ఎర్రగోధుమ విడివిడిగా చూస్తే ఒకటే అనిపిస్తాయి గాని, ముక్కు మీద పక్కపక్కన పెడితే అతుకు వేసినట్టు కనిపిస్తుంది. ఒక అమ్మకందారు నేను అడిగిన ఎర్రగోధుమ పలకలకు బదులు పాతవి పంపడంతో నా ఖేక్డా ఒక నెలపాటు మచ్చల ఇంజనుగా మిగిలింది. మరో సంగతి, కొన్నేళ్ల కిందటి గోధుమ, ముదురు ఎరుపు ముక్కలు పెళుసుబారి విరగడం ఈ అభిరుచి ఉన్నవారందరికీ తెలిసినదే. చేతులు మారిన పెట్టె కొంటే బిగుతైన ముక్కలను గోళ్లతో లాగకుండా నెమ్మదిగా విప్పాలి. స్విస్ మొసళ్లు మొదట గోధుమ రంగులో ఉండి తర్వాత పచ్చ రంగుకు మారాయి కనుక, గోధుమ ముక్కలు దొరకని వారు ముదురు పచ్చలో కూర్చినా చరిత్రకు విరుద్ధం కాదు.

ఇదే కోవలోని మరో రెండు పెట్టెలతో పోలిక అడిగేవారు ఉంటారు. 2009లో వచ్చిన ఎమరాల్డ్ నైట్ 1,085 ముక్కల పచ్చని ఆవిరి ఇంజను. దాని పెద్ద చక్రాలు పాతకాలపు రైళ్లు కూర్చే వారందరికీ దారి తెరిచాయి, కానీ దానిని ఈనాడు సరసమైన ధరకు కొనడం కష్టం. 2023 చివరలో వచ్చిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ 2,540 ముక్కలది. దాని బోగీల లోపలి పనితనం చాలా బాగుంది గాని, మోటారుతో నడపడానికి ఉద్దేశించినది కాదు కనుక అది అల్మారాలో ఉండవలసిన రైలు. నడిపించాలని, విప్పి మార్చాలని కోరిక ఉన్నవారికి మొసలే సరైనది.

పాత పెట్టె కొనేటప్పుడు అట్టపెట్టె బాగుందా లేదా అన్నదానికి నేను విలువ ఇవ్వను. కూర్పు పుస్తకం పోయినా ఫర్వాలేదు, లెగో సంస్థ తన వెబ్‌సైటులో దానిని ఉచితంగా ఉంచింది. చూడవలసినవి చక్రాలు, రాడ్లు, పాంటోగ్రాఫ్ ముక్కలు. ఈ మూడింటినీ దగ్గరగా తీసిన ఫొటోలు అడిగి తెప్పించుకుని, చక్రాలన్నీ లెక్కపెట్టుకున్న తర్వాతే డబ్బు పంపండి.