పాత డీజిల్ బండికి కరెంటు ఫీడ్ పంపు, కడపలో కొన్నది
ట్యాంకు నుంచి ఇంజన్‌కి డీజిల్ తోసే ఈ పంపు బాగుంది, షాపు మాటలే నమ్మొద్దు. మా బండికి పొద్దున్నే డీజిల్ పైపులో గాలి పట్టేది, చేత్తో డీజిల్ ఎక్కించే హ్యాండ్ ప్రైమర్ కొట్టీ కొట్టీ బొటనవేలు వాచేది, ఇప్పుడు తాళం తిప్పగానే టకటకమని డీజిల్ ఎక్కేస్తుంది, గువ్వలచెరువు ఘాట్‌లో లోడు మీద కూడా ఇంజన్ తడబడట్లేదు. షాపాయన మొదట పెట్రోల్ కారు ఇంజెక్షన్ పంపు అంటగట్టబోయాడు. అది 3 బార్ ప్రెషర్ దాకా తోస్తుంది సామీ! ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే పాత రోటరీ పంపు సీలు తట్టుకోక డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలిసిందంటే బేరింగులు గోవిందా. తక్కువ ప్రెషర్‌దే అడగండి, బండి 12 వోల్టులా 24ఆ చూసుకోండి. ట్యాంకు దగ్గర, కిందుగా బిగించాలి, తోసినంత బాగా పీల్చదు. పంపుకి ముందో ఫిల్టర్, పంపుకి కరెంటు కలిపే రిలే, ఇంజన్ ఆగితే పంపూ ఆగేలా ఆయిల్ ప్రెషర్ స్విచ్ తప్పనిసరి. చప్పుడు మాత్రం కాస్త ఎక్కువే.