సెమీకోలనా, కామానా?

'ఇట్ వాజ్ రెయినింగ్, వుయ్ స్టేయ్‌డ్ హోమ్.' మన ఇంగ్లిష్ ఈమెయిళ్లలో ఇలాంటివి కోకొల్లలు. రెండూ పూర్తి వాక్యాలే కాబట్టి వాటిని కలపడం ఒంటరి కామా వల్ల కాదు, సెమీకోలన్ (;) పెట్టాలి. 'సో' చేరిస్తే మాత్రం కామా చాలు. (వాట్సాప్‌లో ఇంత పట్టింపు అక్కర్లేదు లెండి.)

ఎక్కువమంది బోల్తా పడేది 'హౌఎవర్' దగ్గర. అది 'బట్' లాగా రెండు వాక్యాల్ని కలపలేదు. అందుకే 'ఐ కాల్డ్ హిమ్. హౌఎవర్, హి వాజ్ బిజీ' అని రాయాలి. 'బికాజ్' ముందు మాత్రం సెమీకోలన్ వద్దు, ఆ ముక్క సొంతంగా నిలబడదు. ఏది పెట్టాలో తేలకపోతే, నన్నడిగితే, ఫుల్‌స్టాప్ పెట్టేయడమే నయం.

జాబితాల్లో మామూలుగా కామాయే. 'వరంగల్, తెలంగాణ, గుంటూరు, ఆంధ్రప్రదేశ్, హోసూరు, తమిళనాడు' లాంటి చోట మాత్రం అన్నీ కామాలే పెడితే ఊళ్లూ రాష్ట్రాలూ కలగాపులగమే, అందుకే ఒక్కో ఊరు-రాష్ట్రం జతకీ మధ్య సెమీకోలన్ పెట్టాలి.