గానుగ నూనె కిలో లెక్కన కొనాలా, లీటరు లెక్కన కొనాలా?

చెన్నైలో మాంబళం వైపు చెక్కు (తమిళంలో గానుగ) నూనె షాపుకెళ్లి నువ్వుల నూనె అడిగితే "కిలోవా, లీటరా?" అంటారు. కిలో 400, లీటరు 380 అని బోర్డు ఉందనుకుందాం. ఇరవై రూపాయలు కలిసొస్తాయని చాలామంది లీటరే పోయించుకుంటారు. నష్టం అక్కడే.

నూనె నీళ్లకన్నా తేలిక. చెన్నై వేడికి నువ్వుల నూనె మిల్లీలీటరు తూగేది సుమారు 0.915 గ్రాములు. తూకాన్ని ఈ సాంద్రతతో భాగిస్తే ఘనపరిమాణం వస్తుంది: 1000 ÷ 0.915 = 1093 మి.లీ. షాపులో నిలబడి అంత లెక్క అక్కర్లేదు, కిలో ధరను 0.915తో గుణించండి చాలు. ఆ లెక్కన లీటరుకు పడాల్సిన ధర తేలుతుంది: 400కి 366. అదే నూనె లీటరు 380కి కొంటే 14 రూపాయలు ఎక్కువిచ్చినట్టే.

రెండూ ఒకే ధరకు తేలినా సరే, కిలోయే మేలంటాను. కొలతపాత్రలో నురగ గీత దాకా పొంగుతుంది, సీసాలోకి వంచాక అడుగునా అంచునా జిగురుగా కొంత మిగిలిపోతుంది. పైగా వేడికి నూనె వ్యాకోచిస్తుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములుంటే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే. ప్యాకెట్ల మీద ఇలా ఉష్ణోగ్రత వేసి లీటరు అనడం ఆపమని కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో కంపెనీలకు చెప్పింది కూడా. అందుకే ప్యాకెట్ కొనేటప్పుడు లీటరు అన్న పెద్దక్షరాలు కాదు, పక్కన చిన్నగా ఉన్న గ్రాములు చూడండి. రెండు బ్రాండ్లను పోల్చాలంటే ధరను ఆ గ్రాములతో భాగించండి.

కిలో కొనేటప్పుడు జాగ్రత్త సీసా దగ్గరే. ఖాళీ సీసాను కాటా మీద పెట్టించి, అంకె సున్నా చేయించాకే పోయించుకోండి. లీటరు సీసాలో కిలో నూనె పట్టదు. అందులో నింపి కిలో డబ్బు అడిగితే దాదాపు 85 గ్రాములు తక్కువ. 1.25 లీటర్ల సీసా తీసుకెళ్లండి, లోపల తడి లేకుండా చూసుకోండి.

తేనెకు లెక్క తిరగబడుతుంది. సాంద్రత సుమారు 1.4 కాబట్టి అరకిలో తేనె 357 మి.లీ. సీసాలోనే సరిపోతుంది. సీసా చిన్నగా ఉందని షాపువాళ్లతో గొడవ పడొద్దు.