డాక్టర్ బార్ట్‌లెట్ ఊళ్ళు చూసొచ్చాం, నాన్నగారితో

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని మా నాషువాలో మన తెలుగువాళ్ళు వీకెండ్ అంటే వైట్ మౌంటెన్స్‌కే పోతారు, మేం ఈసారి నాన్నగారిని తీసుకుని కింగ్‌స్టన్ వెళ్ళాం. జోసయా బార్ట్‌లెట్ ఊరది. ఇరవై ఏళ్ళ కుర్రాడిగా 1750లో అక్కడ ప్రాక్టీస్ పెట్టి, తర్వాత పాలిటిక్స్‌లోకొచ్చి, 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన (డిక్లరేషన్) మీద సభాధ్యక్షుడు హాన్‌కాక్ తర్వాత రెండో సంతకం పెట్టి, చివరికి న్యూ హాంప్‌షైర్ గవర్నర్ కూడా అయ్యారు.

మెయిన్ స్ట్రీట్ మీద ఆయన ఇల్లు మేం రోడ్డు మీంచే చూశాం. ముందున్న ఇల్లు 1774లో కాలిపోతే అదే స్థలంలో మళ్ళీ కట్టుకున్నారట. అయిదు నిమిషాల్లో అయిపోయింది, దీనికోసమే అంత దూరం రావద్దు.

టైమ్ అంతా ఎక్సెటర్ మ్యూజియంకి ఇవ్వండి. పక్క ఊరే. మ్యూజియం ఉన్నది ఒక పాత ఇంట్లో, 1985లో ఆ ఇంటి అటక మీద డిక్లరేషన్ మొదటి ప్రింట్ కాపీ ఒకటి దొరికింది! గైడ్ చాలా ఓపికగా చెప్పారు, చలికాలంలో మూసేస్తారు కాబట్టి చూసుకుని వెళ్ళండి. రాత్రి దిగిన మోటెల్ మాత్రం బాలేదు, కార్పెట్ చెమ్మ వాసన, రెండుసార్లు అడిగితే గానీ దుప్పటి ఇవ్వలేదు. భోజనానికి వెజ్ కష్టమే, ఇంటినుంచి తెచ్చిన పులిహోరే ఆదుకుంది. బార్ట్‌లెట్ పుట్టిన ఊరు ఏమ్స్‌బరీలో 1888లో పెట్టిన ఆయన కంచు విగ్రహం బాగుంది, దార్లో ఆగి చూడొచ్చు.

నా మనసులో మిగిలిపోయింది మాత్రం కింగ్‌స్టన్‌లో బార్ట్‌లెట్ సమాధి ఉన్న ప్లెయిన్స్ సెమెటరీ. నాన్నగారు గుంటూరు దగ్గర నలభై ఏళ్ళు ఆర్‌ఎంపీ చేశారు, ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరుగా ఉండి నేర్చుకున్న వైద్యం. బార్ట్‌లెట్ కూడా కాలేజీకెళ్ళలేదు, పదహారేళ్ళకే ఒక డాక్టరు దగ్గర చేరి నేర్చుకున్నారు, డార్ట్‌మత్ కాలేజీ వాళ్ళు గౌరవ ఎండీ ఇచ్చింది 1790లో, అప్పటికి ఆయనకి అరవై. ఆయనకే ఒకసారి జ్వరమొచ్చి డాక్టర్లు చల్లటివేవీ తాగనివ్వకపోతే, పట్టుబట్టి సైడర్ (ఆపిల్ పానీయం) తెప్పించుకుని రాత్రంతా కొంచెం కొంచెంగా తాగితే చెమట పట్టి జ్వరం దిగిందని చెబుతారు, అప్పట్నుంచి పుస్తకం కంటే పేషెంట్‌నే చూసేవారట. "మనూళ్ళో లంఖణం పరమౌషధం అని చుక్క నీళ్ళు ఇవ్వనివాళ్ళతో నేనెంత పోట్లాడానో" అన్నారు నాన్నగారు. సమాధి ముందు తడి గడ్డిలో చెప్పులు విప్పేసి నిలబడ్డారు, చలి నాన్నా రండి అంటే ఉండమ్మా అన్నారు.