పేపరు వస్తూనే ఉంది, మా మండలమే రావడం లేదు

తెలుగు దినపత్రిక ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మొదటి పేజీ, సంపాదకీయం, ఆటలు, సినిమా, ఆదివారం పుస్తకం... వాటి జోలికి పోను. నేను మాట్లాడేది ఒకప్పుడు లోపల మడిచి వచ్చిన జిల్లా పేపరు గురించి, అందులోనూ మండలాల వార్తలు వేసే పేజీ గురించి. నాయుడుపేట దగ్గర మాకు ఎరువులు, పురుగుమందుల కొట్టుంది. మా నాయన గల్లాపెట్టె దగ్గర కూర్చున్న రోజుల నుంచీ కొట్లో పేపరు పడుతోంది. ఒకటి మానేసి ఇంకొకటి, కొన్నాళ్లు రెండూ, మళ్లీ మొదటిది, ఇలా మార్చి మార్చి చూశాను. కాబట్టి ఇది ఒక పత్రిక మీద కోపం కాదు, పేరు చెప్పి లాభమూ లేదు. రోజూ పేపరు వస్తోంది, నెల తిరిగేసరికి బిల్లూ వస్తోంది, మా మండలంలో ఏం జరుగుతోందో మాత్రం అందులో ఉండటం లేదు. నా గోడంతా అదే.

కొట్టు ముందు ఒక బెంచీ ఉంటుంది. యూరియాకో, మందుకో వచ్చిన రైతు కాసేపు దాని మీద కూర్చుంటాడు. బయటి పేపరు ఎంతసేపైనా అక్కడే మడత విప్పకుండా పడి ఉండేది. లోపలిది మాత్రం చేతులు మారుతూ మారుతూ సాయంత్రానికి నలిగి మెత్తబడిపోయేది. నెల్లూరులో పుట్టి ధర ఎంత పలికింది (మా వైపు పుట్టి అంటే 850 కిలోలు, క్వింటాళ్లలో చెబితే మా వాళ్లకు ఎక్కదు), రేపు ఏ ఫీడరు కింద ఏ ఊళ్లకు కరెంటు ఉండదు, సొసైటీకి యూరియా లోడు ఎప్పుడొస్తుంది, ఎవరి పెద్దకర్మ ఎప్పుడు, ఎవరి పాసుపుస్తకం పోయింది, అన్నీ అందులోనే. సొసైటీకి యూరియా వస్తుందన్న వార్త నా వ్యాపారానికి మంచిది కాదనుకోండి. అయినా ముందు చదివేది నేనే.

ఈ అలవాటు మరీ తాతల నాటిదేం కాదు. 1974లో విశాఖలో పుట్టిన ఈనాడు 1989లో జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక మిగతావాళ్లకూ తప్పలేదు. 2008లో సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో దిగింది, పోటీ అంత ముదిరింది మరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే, ఆ కబురు చుట్టుపక్కల మండలాలకు పాకి అక్కడి వాళ్లూ కొంగు బిగించడంలో జిల్లా పేజీల పాత్ర చాలా ఉంది. మరుసటి ఏడాదే రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పేపరంటే అదీ అని మా నాయన ఇప్పటికీ అంటుంటాడు. ఆయన అసలు నమ్మకం దినపత్రికల మీద కాదు, నెల్లూరు నుంచి వారానికోసారి వచ్చే జమీన్ రైతు మీద. అది వేరే కథ.

నిజానికి ఆ మండల పేజీ ఒక్క మనిషి మీద నడిచింది. మండలానికి ఒక విలేకరి ఉండేవాడు. జీతమేం లేదు. అచ్చయిన వార్తను కొలిచి సెంటీమీటర్ల లెక్కన నెలకింతని ఇచ్చేవాళ్లు, అది బండి పెట్రోలుకే చాలేది కాదు. పొద్దున ఎమ్మార్వో ఆఫీసు, అక్కణ్నుంచి ఎంపీడీవో ఆఫీసు, పోలీస్ స్టేషను తిరిగి, మధ్యాహ్నానికి మా కొట్టుకొచ్చి బల్ల మీద తెల్ల కాయితాలు పరుచుకునేవాడు. రాయడం అయ్యాక కవర్లో పెట్టి అంటించి, నెల్లూరు బస్సు డ్రైవరు చేతికిచ్చేవాడు. అక్కడి బస్టాండులో పేపరు ఆఫీసు మనిషి వచ్చి తీసుకునేవాడు. ఫ్యాక్సు, ఆ తర్వాత మెయిలు వచ్చాక ఆ కవర్లు పోయాయి. ఆయన అలవాటు ఒకటి మాత్రం పోలేదు. ఏ ఆఫీసుకు వెళ్లినా లోపలికి పోయే ముందు నోటీసు బోర్డు దగ్గర ఆగి, అంటించిన ప్రతి కాయితమూ చదివేవాడు. మాకు అక్కరకొచ్చేది కనబడితే సర్కారు భాష తీసేసి నాలుగు లైన్లలో రాసేవాడు.

మరీ ఆకాశానికెత్తేస్తున్నానేమో. ఆ పేజీలో సగం వినతిపత్రం అందజేతలు, ఘనంగా జయంతి వేడుకలు. ఒక్కో ఫోటోలో ఇరవై తలకాయలు, కింద వరసగా పేర్లు. సంక్రాంతి, జనవరి 26, ఆగస్టు 15 దగ్గర పడ్డాయంటే యాడ్ల టార్గెట్ టెన్షన్‌తో ఆయనకు వార్తలే పట్టేవి కాదు. మా షాపు పేరుతో కూడా ఏటా ఒక శుభాకాంక్షల పెట్టె వేయించేవాళ్లం. యాడ్ ఇచ్చే మిల్లులో తూకం తేడా వస్తే వార్త రాలేదు, ఇవ్వని మిల్లులో వస్తే ఫోటోతో సహా వచ్చింది. పక్క మండలంలో ఒకాయన బండి మీద ప్రెస్ అని రాయించుకుని ఇసుక ట్రాక్టర్ల దగ్గర ఏం చేసేవాడో అందరికీ తెలుసు. ఇన్ని ఉన్నా, కరెంటు కోత, ధాన్యం ధర, నోటీసు బోర్డు, ఈ మూడింటి విషయంలో మాత్రం ఆ పేజీని నమ్మి నష్టపోయినవాడు మా బెంచీ మీద కూర్చోలేదు.

దెబ్బ మీద దెబ్బ పడింది. 2019 బడ్జెట్లో న్యూస్‌ప్రింట్ మీద 10 శాతం దిగుమతి సుంకం వేశారు, మరుసటి బడ్జెట్లో సగానికి తగ్గించారు గానీ ఆ వెనకే లాక్‌డౌన్ వచ్చిపడింది. యాడ్లు ఆగిపోయాయి. పేపరు ముట్టుకుంటే కరోనా అంటుకుంటుందని జనం వేయించుకోవడం మానేశారు. అప్పుడే లోపలి పేపరు ఎత్తేసి, జిల్లా వార్తలను మెయిన్ పేపర్లోనే కొన్ని పేజీల్లో సర్దారు. నాలుగు రోజులు పోతే మళ్లీ వస్తుందనుకున్నాం. రైతులు చాలాకాలం అడిగారు, లోపలిది ఏదీ అని. తర్వాత అడగడం మానేశారు.

ఇంకో దెబ్బ 2022 ఏప్రిల్ 4న. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయిన రోజది. నాయుడుపేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది, మాతోపాటు మా పేపరు కూడా. అప్పట్నుంచి సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతోందో, హుండీలో ఎంత పడిందో పొద్దున్నే తెలుస్తోంది. పుణ్యమే, కాదనను. పుట్టి ధర మాత్రం తెలియదు. మా చుట్టాలంతా నెల్లూరు, బుచ్చి, కోవూరు వైపు. వాళ్ల ఇళ్లలో పెద్దకర్మలు నెల్లూరు పేజీలో పడతాయి, ఆ పేజీ మాకు రాదు. మా విలేకరి ఈలోగా ఇన్సూరెన్సు పాలసీలు చేయించుకుంటూ బతుకుతున్నాడు. ఆయన చోట చుట్టుపక్కల మండలాలన్నిటికీ కలిపి ఒకర్ని పెట్టారన్నారు. ఆ మనిషి మొహం మా కొట్టుకు తెలియదు.

ఇంతవరకూ సర్దుకుపోయాం. సర్దుకోలేనిది ఆ తర్వాత జరిగింది.

మాకు దగ్గర్లో ఒక ఫ్యాక్టరీ ఉంది. దాన్ని పెంచాలనుకున్నారు. ఇలాంటివాటికి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు అక్కడి జనం మాట వినాలి. కేంద్రం 2006లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన వేయాలి. ఫ్యాక్టరీ పెరిగితే చుట్టుపక్కల ఏమవుతుందో చెప్పే నివేదిక కాపీలు పంచాయతీ ఆఫీసులాంటి చోట్ల పెట్టాలి. ఆ రోజు కలెక్టరో, ఆయన తరఫున వచ్చిన అధికారో కూర్చుని, ఎవరేం చెప్పినా రాసుకోవాలి. చూడటానికి పద్ధతి బాగానే ఉంది.

ఒక సాయంత్రం ఎప్పుడూ వచ్చే రైతు ఒకాయన కొట్టుకొచ్చి ఫోన్ చూపించాడు. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫోటో. షామియానా, కుర్చీలు, స్టేజీ మీద అధికారులు, వెనక ఫ్లెక్సీ మీద ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అని పెద్దక్షరాలు.

“ఏందన్నా ఇది? ఎప్పుడు జరిగింది?”

జరిగింది ఆ రోజు పొద్దున్నే. ఆయన పొలం ఆ ఫ్యాక్టరీ గోడ పక్కనే ఉంటుంది. బోరు నీళ్ల గురించి ఆయన చెప్పాల్సింది చాలా ఉంది, మా బెంచీ మీద అందరికీ వినిపించేంత ఉంది. సరిగ్గా ఆ మీటింగు జరిగే టైముకి ఆయన నా కొట్టు ముందే కాంప్లెక్సు బస్తాలు ఆటోకెక్కిస్తున్నాడు. అటువైపు పొలాలున్నవాళ్లలో వెళ్లింది కొద్దిమందే. వాళ్లకు తెలిసింది కూడా ఫ్యాక్టరీలో పనిచేసే చుట్టాలు చెబితేనే.

నాకు ఒళ్లు మండిపోయింది. అసలు ప్రకటనే వేయకుండా మమ అనిపించేశారనుకున్నాను. కొట్టు వెనక గదిలో పాత పేపర్లు కట్టలు కట్టి ఉంటాయి, కొనేవాడు వచ్చేదాకా. నేనూ ఆయనా లైటు వేసుకుని ఒక్కో కట్టే విప్పాం. ఆయన తేదీలు చదువుతుంటే నేను పేజీలు తిప్పాను. చాలాసేపటికి దొరికింది. మేం వేయించుకునే పేపర్లోనే, గడువు ప్రకారం నెల ముందే. లోపలి పేజీ అడుగున, బ్యాంకు వేలం నోటీసుకీ టెండరు ప్రకటనకీ మధ్య, చీమల బారులాంటి అక్షరాల్లో. ప్రతిపాదిత విస్తరణ సామర్థ్యం రోజుకు ఇన్ని టన్నులు, ఫలానా నోటిఫికేషన్ నంబరు, సవరణలు, సర్వే నంబర్లు ఒక బారెడు, ఆ సర్వే నంబర్ల మధ్యలో ఊరి పేరు ఒక్కసారి, ఆఖరున తేదీ, స్థలం. ఆయన వేలు పెట్టి రెండుసార్లు చదివి, “ఇది మన ఊరి గురించేనంటావా?” అని నన్నే అడిగాడు.

ఎవర్ని అనాలి? వాళ్లు ప్రకటన ఇచ్చారు, పేపరు డబ్బు తీసుకుని వేసింది, ఆ పేపరు ఆ రోజు మా బెంచీ మీద సాయంత్రం దాకా ఉంది కూడా. లేనిదల్లా దాన్ని చూసి, ‘ఫ్యాక్టరీ విస్తరణపై ఫలానా రోజు సభ, బోర్లున్న రైతులు వెళ్లి చెప్పుకోవచ్చు’ అని మండల పేజీలో నాలుగు లైన్లు రాసే మనిషి. పాత విలేకరి ఉంటే రాసేవాడా అంటే, ఒట్టేసి చెప్పలేను. ఫ్యాక్టరీవాళ్లు పండక్కి పెద్ద యాడ్ ఇచ్చి ఉంటే ఆ నాలుగు లైన్లూ మింగేసేవాడేమో. కానీ మధ్యాహ్నం మా బల్ల దగ్గర కూర్చున్నప్పుడు నోటితోనైనా అనేవాడు. మాకు అది చాలేది.

ఆ రైతు తర్వాత ఆఫీసుకు పోయి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చొచ్చాడు. అందినట్టు ముద్ర వేసిచ్చారు. ఇప్పటికి అంతే.

పేపరు పోతే ఫోన్ లేదా అంటారు. ఉంది. నాలుగు లైన్ల వార్తలిచ్చే యాప్ వేసుకుని మా మండలాన్నే ఎంచుకున్నాను. పక్క జిల్లా యాక్సిడెంటు, నాయకుల పుట్టినరోజు కేకులు, నిమ్మకాయ నీళ్లతో లాభాలు వస్తున్నాయి. వాట్సాప్ గ్రూపులు వాటికంటే నయం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు స్వర్ణముఖి ఎంత పారుతోందో, ఏ రోడ్డు మీద నీళ్లున్నాయో నిమిషాల్లో తెలిసిపోయింది. పేపరు మర్నాడు చెప్పింది చదివే ఓపిక కూడా ఎవరికీ లేదు. అయితే అదే వానలో, చెరువు తెగిందని ఎక్కడిదో పాత వీడియో ఒకటి అదే గ్రూపుల్లో తిరిగి, ఒక ఊళ్లో జనం రాత్రికి రాత్రి సామాన్లు సర్దుకున్నారు. పైగా గ్రూపులో వరద ఫోటో పెట్టేవాళ్లు వందమంది ఉంటారు, నోటీసు బోర్డు ఫోటో పెట్టేవాడు ఒక్కడూ ఉండడు.

పేపర్ని మెచ్చుకోవాల్సిన సంగతి కూడా ఒకటి ఉంది. ఈ-పేపర్లో ఏ జిల్లా పేజీ అయినా తెరుచుకోవచ్చని మా అబ్బాయి చూపించేదాకా నేను పట్టించుకోలేదు. ఇప్పుడు రోజూ పొద్దున నెల్లూరు పేజీ చూస్తున్నాను. చుట్టాల పెద్దకర్మలు తెలుస్తున్నాయి, అప్పుడప్పుడూ ధాన్యం ధర కూడా. ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుంటూ, పక్కకు జరుపుకుంటూ చదివేసరికి కళ్లు లాగుతాయి. బెంచీ మీద నలుగురికీ నా ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టలేను కదా.

వేయించుకోవచ్చా అని అడిగితే ఎక్కడుంటారో చూసుకుని చెప్పాలి. తిరుపతి టౌన్లో ఉన్నవాళ్లకు పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతోంది, వాళ్ల వీధి కాలువ దగ్గర్నుంచీ అన్నీ వస్తున్నాయి. హైదరాబాదులో ఉంటూ సొంతూరి కబుర్ల కోసమైతే ఈ-పేపరు చాలు. జిల్లా మారిన మాలాంటి అంచు మండలాలవాళ్లు మాత్రం జిల్లా పేజీని నమ్ముకోకుండా, చిన్న అక్షరాల ప్రకటనలు ముందు చదవండి. వేలం నోటీసుల మధ్య మీ ఊరి పేరు ఉందేమో చూసుకోండి. కొట్లో నేనిప్పుడు చేస్తున్నది అదే, కనబడితే స్కెచ్ పెన్నుతో చుట్టూ గీత గీసి బెంచీ మీద పెడుతున్నాను.

మాకు పేపరు మానేయడం అంత తేలిక కాదు. వేసే కుర్రాళ్లు దొరక్క ఏజెంటే ఈ వయసులో సైకిలు మీద వచ్చి వేసిపోతున్నాడు, ఆయన మొహం చూసి ఆపలేను. కొట్టన్నాక బెంచీ మీద ఏదో ఒకటి ఉండాలి. చందా ఉగాదికి అయిపోతుంది. ఈలోగా నెల్లూరు పేజీ కూడా కలిపి వేస్తామంటే సంతోషం, లేదంటే ఇంటికి వేయించుకునే కాపీ తీసేసి కొట్టుది ఒక్కటే ఉంచుదామని చూస్తున్నాను. మా నాయనతో ఇంకా అనలేదు.