ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ: ముందు తేదీ చూడండి, తర్వాతే మొత్తం

డాక్టరు, ఆడిటరు, ఆర్కిటెక్టు, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటు... సలహానో డిజైనో ఇచ్చి ఫీజు తీసుకునే ఎవరికైనా ఈ బీమా పాలసీ తీసుకోదగ్గదే. మీ పనిలో పొరపాటు వల్ల నష్టపోయానని క్లయింటు కేసు వేస్తే, పరిహారంతో పాటు లాయరు ఖర్చులు కూడా ఇందులోంచి వస్తాయి. మీ తప్పేమీ లేదని చివరికి తేలినా, అప్పటిదాకా కేసు నడపడానికి డబ్బు కావాలి కదా. మా దృష్టిలో దీని అసలు విలువ అక్కడే ఉంది. కానీ కవర్ మొత్తం, ప్రీమియం మాత్రమే పోల్చి కొంటే అవసరానికి అక్కరకు రాకుండా పోతుంది.

ఈ పాలసీలు చాలావరకు ‘క్లెయిమ్స్ మేడ్’ పద్ధతిలో నడుస్తాయి. పొరపాటు జరిగిన నాటి పాలసీతో పని లేదు, క్లెయిమ్ (క్లయింటు మిమ్మల్ని పరిహారం అడగడం) వచ్చిన నాడు అమల్లో ఉన్న పాలసీయే డబ్బు కట్టాలి. పాలసీ ముఖ్య వివరాలు రాసే షెడ్యూల్‌లో ‘రెట్రోయాక్టివ్ డేట్’ అని ఒక గడి ఉంటుంది. ఆ తేదీకి ముందు చేసిన పనికి కవర్ ఉండదు. ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు 2019లో ఇచ్చిన డ్రాయింగు మీద 2024లో గోడలు బీటలిచ్చాయని నోటీసు వచ్చిందనుకోండి. ఆయన 2022లో బీమా కంపెనీ మారినప్పుడు ఆ గడిలో 2022 అని పడి ఉంటే, ఏటా తప్పకుండా ప్రీమియం కట్టినా చిల్లిగవ్వ రాదు. కంపెనీ మారేటప్పుడు పాత తేదీయే కొనసాగుతుందని షెడ్యూల్‌లో రాయించుకోండి, ఏజెంటు నోటి మాటతో సరిపెట్టుకోవద్దు. రెన్యువల్ గడువు దాటిపోయినా ఈ తేదీ చేజారవచ్చు.

ఇక ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం నింపే దరఖాస్తు. ఏ పని మీద ఎంత ఆదాయం, సబ్ కాంట్రాక్టుకు ఇచ్చిన పనులు, పెద్ద కాంట్రాక్టులు, పాత క్లెయిములు... ఇవన్నీ ఓపికగా నింపవచ్చు. చిక్కంతా ‘క్లెయిమ్‌కు దారితీయగల పరిస్థితి ఏదైనా మీకు తెలుసా?’ అన్న ప్రశ్న దగ్గరే. కోర్టు నోటీసు రాలేదు కదా అని చాలామంది ‘లేదు’ అని టిక్ పెట్టేస్తారు. ‘మీ లెక్క తప్పడం వల్ల మాకు నష్టం వచ్చింది’ అని క్లయింటు పంపిన ఈమెయిల్ కూడా ఈ ప్రశ్న కిందికే వస్తుంది. తర్వాత అదే కేసుగా మారితే, తెలిసీ దాచారని కంపెనీ చేతులెత్తేస్తుంది. భాగస్వాములున్న సంస్థలో సంతకం పెట్టే ముందు ఒక్కొక్కరినీ రాతపూర్వకంగా అడగాలి. ఒకరికి తెలిసిన సంగతి మిగతావారి కవర్‌కూ ముప్పు తేవచ్చు.

వృత్తి వివరణ కూడా అంతే ముఖ్యం. ‘సాఫ్ట్‌వేర్ డిజైన్’ అని రాసి, పక్కనే క్లయింటు సర్వర్లు కూడా నిర్వహిస్తుంటే, సర్వర్ పడిపోయి వచ్చిన క్లెయిమ్ బయటే ఉండిపోవచ్చు. చేసే పనులన్నీ పేరుపేరునా రాయాలి.

లెక్క విషయానికొస్తే, లాయరు ఖర్చులు పరిమితిలో (పాలసీ చెల్లించే గరిష్ఠ మొత్తంలో) భాగమా, అదనమా అన్నది చూడండి. పరిమితి 100 అనుకుందాం. భాగమైతే, కేసుకు 35 ఖర్చయ్యాక పరిహారానికి మిగిలేది 65 మాత్రమే. అదనమైతే 100 అలాగే ఉంటుంది. డిడక్టిబుల్ (ముందుగా మీరే భరించాల్సిన మొత్తం) పరిహారానికే వర్తిస్తుందా, లాయరు ఫీజుకూ వర్తిస్తుందా అని కూడా అడగాలి. పరిమితి ఒక్కో క్లెయిమ్‌కా, ఏడాది మొత్తానికా అన్నది షెడ్యూల్‌లోనే ఉంటుంది.

కావాలని చేసిన మోసానికి, జరిమానాలకు కవర్ ఉండదు, ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు. ఆఫీసులో ఎవరైనా జారిపడితే దానికి పబ్లిక్ లయబిలిటీ పాలసీ వేరుగా కావాలి. జాగ్రత్తపడాల్సింది కాంట్రాక్టు బాధ్యత మినహాయింపు దగ్గర. ‘ఫలితానికి గ్యారంటీ’, ‘ఆలస్యమైతే రోజుకు ఇంత’ అని మీరు ఒప్పుకుని సంతకం చేస్తే, చట్టం మోపే బాధ్యతకు మించిన భాగం సాధారణంగా మీ నెత్తిన పడుతుంది. కాంట్రాక్టు ముసాయిదాను పాలసీ పక్కన పెట్టుకుని చదవండి.

నోటీసు వచ్చిన రోజే కంపెనీకి తెలియజేయాలి. క్లయింటుతో ‘తప్పు మాదే, సర్దుకుందాం’ అనడం గానీ, కంపెనీ అనుమతి లేకుండా డబ్బు ఇవ్వడం గానీ చేస్తే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. కేసు ఇంకా రాకపోయినా, అనుమానం కలిగించే సంఘటనను ఈ ఏడాది పాలసీ ఉండగానే వివరంగా రాసి పంపవచ్చు. పాలసీలో ఆ నిబంధన ఉంటే, తర్వాతెప్పుడో కేసు వచ్చినా ఇదే పాలసీ కింద చూస్తారు. ప్రాక్టీసు మానేసేవారు రన్-ఆఫ్ కవర్ తీసుకోవాలి. అది పాత పనులపై వచ్చే క్లెయిములకే, ఆ తర్వాత చేసిన పనికి వర్తించదు. ఎన్నేళ్లు ఉంచుకోవాలన్నది మీ పనిపై దావా వేయడానికి చట్టం ఇచ్చే గడువును బట్టి లెక్కవేయండి.