లేసు సూది, టీ గ్లాసు: రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా

అల్లుతూ తాగే టీ వేరు, కొట్టు దగ్గర నిలబడి తాగే టీ వేరు. మొదటిది చల్లారినా తాగబుద్ధి కావాలి. లేసంటే కొక్కెం సూదితో దారాన్ని గొలుసు గొలుసుగా అల్లే పని, వరస మధ్యలో సూది వదలలేం. ఇరవయ్యో గొలుసు దగ్గర గ్లాసు అందుకున్నామంటే లెక్క తప్పినట్టే. పోనీ వరస పూర్తి చేసి అందుకుందామంటే పాల టీ మీద మీగడ కట్టి, అది కాస్తా పై పెదవికి అతుక్కుని కూర్చుంటుంది. అందుకని ఈమధ్య నేనూ మా పిన్నీ గోదావరి జిల్లాల వైపు వెళ్ళినప్పుడు బసల్నీ కొట్లనీ ఈ లెక్కలోనే చూశాం. కూర్చోడానికి చోటుందా, వెలుతురుందా, టీ మన కోసం ఆగుతుందా? గదిలో టీవీ ఎంత పెద్దది, పొద్దున్న బఫేలో ఎన్ని రకాలు పెట్టారు అని తెలుసుకోవాలనుకునేవాళ్ళకి ఇందులో పెద్దగా ఏమీ దొరకదు.

పిన్నిది పాలకొల్లు. చిన్నప్పుడు వీధరుగు మీద కూర్చుని లేసు నేర్చుకుంది, నాకూ తనే నేర్పింది. టీల పిచ్చి మాత్రం నాది. సంచిలో దారం ఉండలతో పాటు మూడు డబ్బాలు పెట్టుకున్నాను: నీలగిరి ఆకు టీ, డార్జిలింగ్ మొదటి కోత, ఇంట్లో రోజూ వాడే అస్సాం గుళికల టీ. "గోదావరి జిల్లాలకి టీ పొడి మోసుకెళ్ళేవాళ్ళని నిన్నే చూశానే" అంది పిన్ని, గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు కింద సంచి తోస్తూ.

రాజమండ్రిలో మా హోటలు గోదావరి గట్టుకి నడిచి వెళ్ళేంత దూరం. పేరు చెప్పను. గది శుభ్రంగానే ఉంది, పరుపూ బాగుంది. కిటికీ మాత్రం పక్కింటి గోడ వైపు తెరుచుకుంటుంది, పగలే ట్యూబులైటు వేసుకోవాలి. తెల్ల దారం మీద తెల్ల లైటు పడితే కుట్టు ఎక్కడుందో కంటికి ఆనదు. బల్ల మీద కెటిల్ పెట్టారు. మూత తీస్తే అంతకుముందు ఎవరో అందులో నూడుల్స్ ఉడకబెట్టిన వాసన. రిసెప్షన్‌లో చెబితే కుర్రాడు "ఆయ్, మార్చేస్తామండి" అని ఎంతో మర్యాదగా అన్నాడు. సాయంత్రానికి వేరే కెటిల్ వచ్చింది. దాని ప్లగ్గు మా గోడ బోర్డులో పట్టలేదు. నిద్రకైతే ఆ హోటలు చాలు, అల్లికకి పనికిరాదు.

ఆ సాయంత్రం పుష్కర ఘాట్ దగ్గర అల్లం టీ తాగాం. దాని గురించి మాత్రం ఒక్క మాట తక్కువ చెప్పినా పాపం. కొట్టు టీకి వాడేది సీటీసీ డస్టు. ఆకుని నలిపి, చింపి, చుట్టి గుళికలు చేస్తారు, అందులో సన్న రకం ఇది. నీళ్ళలో పడీపడగానే రంగూ కరుకూ దిగిపోతాయి, చిక్కటి గేదె పాలు పోసినా రుచి మునిగిపోదు. పాలు పడ్డాక ఆ వగరు సగం తగ్గి, గొంతులో అల్లం ఘాటు మిగులుతుంది. గ్లాసు చిన్నది, టీ పొగలు కక్కుతూ ఉంటుంది, పక్కన నిలబడ్డాయన సగం తాగేసరికే మనదీ అయిపోవాలి. ఎదురుగా 1997లో రైళ్ళు ఆపేసిన హేవలాక్ వంతెన స్తంభాలు, నీళ్ళ మీద దీపాలు. సూది బయటికి తీసే ఆలోచనే రాలేదు. ఆ టీకి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఒక చెయ్యి గ్లాసుకి, ఒక చెయ్యి మాటలకి.

మర్నాడు ధవళేశ్వరం. కాటన్ 1847లో మొదలుపెట్టించి 1852 నాటికి పూర్తి చేయించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది తర్వాత కట్టిన బ్యారేజీ. ఇక్కడి నుంచే నది గౌతమి, వశిష్ఠ అని చీలి డెల్టా మొదలవుతుంది. మ్యూజియం చూశాం, ఎండకి తాళలేక బయటపడ్డాం.

కడియపులంక నర్సరీల్లో మాత్రం గంటలు గడిచిపోయాయి. ఒక నర్సరీ వాళ్ళు ముందు రెండు బల్లలు వేసి శంఖుపువ్వు టీ అమ్ముతున్నారు. గాజు గ్లాసులో ముదురు నీలం, నిమ్మకాయ పిండితే ఊదా రంగు. ఫొటోకి దీన్ని మించింది లేదు. రుచి అంటారా, చిక్కుడుకాయలు ఉడికించి వార్చిన నీళ్ళు. నిజానికి అందులో టీ ఆకే ఉండదు, పువ్వు రంగంతే. తెల్ల దారం ఉన్న ఛాయలకి దాన్ని రానివ్వను. అదే నర్సరీలో నిమ్మగడ్డి దుబ్బు ఒకటి చిన్న సంచిలో పెట్టి ఇచ్చారు. మొక్క కొన్నామన్న పేరే గానీ దారి పొడవునా దాని ఆకులు తుంపి వాడేశాం, ఇంటికొచ్చేసరికి బోడి మొదలు మిగిలింది.

రావులపాలెం దాటాక బెల్లం టీ బోర్డులు అడుగడుక్కీ కనిపించాయి. ఆగిన చోట బాగుంది. బెల్లాన్ని పాలతో పాటు మరిగిస్తే విరుగుతుంది, అక్కడ టీ దింపి వడగట్టాక కలుపుతున్నారు. పి. గన్నవరంలో కాలువ వైనతేయ నది మీదుగా సాగిపోయే అక్విడక్టు దగ్గర కాసేపు ఆగాం. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అంబాజీపేటలో పనసాకు బుట్టలో ఉడికిన పొట్టిక్కలు, కొబ్బరి చట్నీ, మీద స్టీలు గ్లాసులో టీ. చట్నీ నూనె వేళ్ళకి ఉండగా దారం ముట్టుకోవడమే తప్పు కాబట్టి అక్కడ అల్లిక ఊసే లేదు.

దిండిలో ఉండటానికి రెండు దారులున్నాయి, వశిష్ఠ ఒడ్డున రిసార్టులో గది, లేదా హౌస్‌బోటు. మేం రెండూ చూశాం. ముందు పడవ. డెక్కు మీద వెలుతురు అద్భుతం. పొద్దున్నే ఎండ వాలుగా పడి ఒక్కో గొలుసు విడివిడిగా కనిపిస్తుంది, కళ్ళజోడు లేకుండా పిన్ని కుట్లు లెక్కపెట్టింది. కానీ గాలి ఆగదు, దారం ఉండ ఒళ్ళోంచి దొర్లి డెక్కు అంచు దాకా వెళ్ళింది. గిన్నె ఒకటి అడిగి పుచ్చుకుని ఉండని అందులో వేశాక గానీ కుదుటపడలేదు. టీ మాత్రం ఒకే రకం, పాలూ పంచదారా కలిపేసి ఫ్లాస్కులో పోసి ఉంచుతారు. విడిగా వేడి నీళ్ళు కావాలంటే వంటబ్బాయి "స్నానానికా అండి?" అని అడిగాడు. కాదు, టీకి అన్నాం. "టీ ఉంది కదండి" అన్నాడు. అతని వైపు నుంచి చూస్తే అదీ నిజమే. రాత్రి పడవని ఒడ్డుకి కట్టేసి జనరేటరు వేశారు, ఆ రొదలో నిద్ర అంతంతమాత్రం. పడవకి పెట్టిన డబ్బుతో ఒడ్డున రెండు రాత్రులు ఉండొచ్చు. నదిలో సూర్యోదయం చూడాలనుకుంటే ఒక్కసారి ఎక్కండి. అల్లుకోడానికైతే వద్దు.

ఒడ్డున గది తీసుకున్నాక ప్రాణం లేచొచ్చింది. వరండాలో పేము కుర్చీలు, ముందు కొబ్బరి చెట్లు, వాటి వెనక నది. కుర్చీ చేతులు వెడల్పుగా ఉన్నాయి, గ్లాసు నిలుస్తుంది. ఇక్కడ అడగ్గానే మరిగిన నీళ్ళు తెచ్చారు, కాకపోతే తెచ్చినాయన కాస్త కంగారుపడ్డాడు. "పాలు లేకుండా టీనా అండి? ఒంట్లో బాలేదా?" అంటే ఏం చెబుతాం! అమ్మగారికి అలా అలవాటండి అని పిన్ని సర్దిచెప్పింది.

నీలగిరి ఆకు గుణం ఈ వరండాలోనే పూర్తిగా తెలిసింది. గ్లాసుకి చెంచాడు ఆకు, మరిగి అప్పుడే దింపిన నీళ్ళు, మూడు నాలుగు నిమిషాలు, వడపోత. అంతే. ఎర్రటి తేట రంగు వస్తుంది. చాలా డికాషన్లు చల్లారాక మసకబారతాయి, మంచి నీలగిరి ఆకు తేటగానే ఉంటుంది. చల్లటి లెమన్ టీలకి దాన్ని ఎంచుకునేది అందుకే. నేను టేబుల్‌క్లాత్ అంచు నాలుగు వరసలు అల్లేసరికి టీ గోరువెచ్చనయ్యింది, ఇంకో నాలుగు వరసలకి పూర్తిగా చల్లారింది, అప్పటికీ చివరి గుక్క బాగుంది. నిమ్మ చెక్క పిండితే రంగు తేలిపోయి తేనె రంగుకొచ్చింది. రెండోసారి నిమ్మగడ్డి ఆకు రెండు ముక్కలు తుంపి వేశాను. పంచదార వెయ్యను. నాలుకకి ఇష్టంలేక కాదు, గ్లాసు అంచు నుంచి జిగట వేలికి, వేలి నుంచి దారానికి పాకుతుంది, ఆపైన సూది జారదు.

డార్జిలింగ్ మాత్రం ఈ ప్రయాణంలో తేలిపోయింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో వచ్చే ఆ మొదటి కోతకి ఉన్నదంతా పూల వాసనే. పక్క వరండాలోంచి చేపల పులుసు ఘుమఘుమలు వస్తుంటే ఆ సున్నితం ఎక్కడ నిలబడుతుంది? పైగా దాన్ని దగ్గర పెట్టుకుని పట్టించుకోవాలి, ఒక నిమిషం మరిచిపోతే వగరెక్కిపోతుంది. చూపు కుట్టు మీద, ముక్కు గ్లాసు మీద ఉంచడం నా వల్ల కాలేదు. పిన్ని ఒక గుక్క తాగి, "దీనికి ఇంత ఖరీదెందుకే?" అని గ్లాసు నా వైపు జరిపేసింది. గ్రీన్ టీ తీసుకెళ్ళకపోవడమే మేలయ్యింది. దానికి నీళ్ళు మరిగించకూడదు, ఎనభై డిగ్రీల లోపున దించాలి. ఆ సరదాలు పరాయి వంటింట్లో కుదరవు.

చించినాడ వంతెన దాటి, పాలకొల్లులో పిన్ని తరఫు చుట్టాలింట్లో భోజనం చేసి నరసాపురం చేరాం. లేసు పుట్టిల్లది. 1844 ప్రాంతంలో స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకి ఈ పని నేర్పారని చెబుతారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది, విదేశాలకి వెళ్ళింది, భౌగోళిక గుర్తింపూ వచ్చింది. పిన్ని తోటికోడలికి తెలిసినావిడ ఇంటికి వెళ్ళాం. వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు చాప మీద కూర్చుని అల్లుతున్నారు. అందులో పెద్దావిడ చెయ్యి చూస్తూ ఉండిపోయాను. దారం ఎడమ చిటికెన వేలికి ఒక చుట్టు తిరిగి చూపుడు వేలి మీదికి వస్తుంది, ఆ వేలు బిగింపూ వదులూ చూసుకుంటుంది, కుడి చేతిలో సూది కదిలినట్టే ఉండదు. కళ్ళు మా మీదే ఉన్నాయి, మాటలు మాతోనే, పువ్వు మాత్రం దానంతట అది పూర్తవుతోంది.

టీలు వచ్చాయి. నలుగురూ సూదులు దారం ఉండలో గుచ్చి పక్కన పెట్టి, టీ ఊదుకుని గబగబా తాగేసి, కొంగుతో చేతులు తుడుచుకుని మళ్ళీ మొదలెట్టారు. నేను అల్లుతూ మధ్యమధ్య తాగుతానంటే పెద్దావిడ నవ్వింది. "మాకలా కుదరదండి. ముక్కల లెక్కన డబ్బులిస్తారు. టీ పెట్టుకు కూర్చుంటే సాయంత్రానికి డజను తేలదు." పక్కనున్న అమ్మాయి "మీకేమండి, మీది సరదా" అంది, తప్పుపట్టినట్టు కాదు, ఉన్న మాటన్నట్టు. మా ముక్కలు అందుకుని తిప్పి చూసి, నా బిగింపు ఎక్కువైందని చెప్పింది.

ఇంతలో ఓ పిల్లాడు పరిగెత్తుకొస్తూ పిన్ని గ్లాసు తన్నాడు. మిగిలిన కాస్త టీ నా అంచు మీద పడింది. నేను వేడి నీళ్ళు అడగబోతే పెద్దావిడ వారించింది. పాలున్న టీకి వేడి తగిలితే మచ్చ బిగుసుకుంటుంది, ముందు చన్నీళ్ళలో నానబెట్టి ఆ తర్వాతే సబ్బు. నూటికి తొంభై వంతులు పోయింది. "పోకపోతే మా అమ్మ ముక్క మొత్తాన్నీ డికాషన్‌లో ముంచేసేదే. మీగడ రంగు వచ్చేది, కావాలనే వేయించారనుకునేవాళ్ళు" అంది పిన్ని. పాలు లేని చిక్కటి టీ నూలుకి నిజంగానే రంగు పట్టిస్తుంది. పనికిరాని పాత అస్సాం పొడికి ఇంతకన్నా మంచి వాడకం నాకు తోచలేదు.

నరసాపురంలో లాడ్జి మామూలుది. మంచం గట్టిది, బాత్రూములో వేడి నీళ్ళు బకెట్టుతో తెస్తారు. కానీ రెండో అంతస్తు నడవాలో ఉత్తరపు వెలుతురు, వరసగా నాలుగు కుర్చీలు. ఈ ప్రయాణం మొత్తంలో దిండి వరండా తర్వాత నేను మార్కులు వేసేది దీనికే.

అక్కడి నుంచే అంతర్వేది. పంటు మీద వశిష్ఠ దాటి సఖినేటిపల్లి, ఆపైన ఆటో. పంటు మీద బైకులు, ఆటోలు, పాల క్యాన్లు, మనుషులు, వీటన్నిటి మధ్య నిలబడటమే గొప్ప. స్వామి దర్శనం త్వరగానే అయింది. నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు కొట్లలో టీ తాగేముందు ఒకటి చూసుకోండి, ఏ నీళ్ళతో పెడుతున్నారో. తీరం కాబట్టి బోరు నీళ్ళు ఉప్పన, ఆ టీకి పంచదార ఎంత వేసినా నాలుక చివర ఉప్పు తగులుతుంది. మినరల్ వాటర్ టిన్ను బోర్లించి ఉన్న కొట్టు చూసుకుంటే సరి. మేం లాడ్జిలో కాచిన నీలగిరి, నిమ్మగడ్డి టీ ఫ్లాస్కులో తీసుకెళ్ళాం. ఇసుక గాలికి సూది తీయలేదు గానీ టీ మాత్రం ఫ్లాస్కు ఖాళీ చేసి వచ్చాం. పాల టీ అయితే ఆ ఎండలో మూత తీసేసరికి ముగ్గిన వాసన కొట్టేది.

తిరుగు రైలు నరసాపురం నుంచి, రాత్రికి. గది గడువు మధ్యాహ్నానికే అయిపోయింది. సగం అద్దె అడుగుతాడేమో అనుకుంటూ కిందికి దిగితే మేనేజరు "నడవాలో కూర్చోండమ్మా, ఎవరూ ఏమీ అనరు" అన్నాడు. చీకటి పడేదాకా అక్కడే అల్లుకున్నాం. పిన్ని రెండుసార్లు పాల టీ తెప్పించుకుంది, నేను వేడి నీళ్ళు. బిల్లులో రెండు టీలూ వేశాడు, నీళ్ళకి ఏమీ వెయ్యలేదు.